మామూలు పెట్రోలు

"ఆ ఇంజను దారిలో పగిలి కాళ్ల మీద పడుతుందేమోనే చిట్టీ" అంది తల్లి. బండి ఇంకా స్టాండు కూడా దిగలేదు.

చిట్టి నవ్వింది. "పడదమ్మా. దాని తిండి దానికి పెడితే బుద్ధిగా ఉంటుంది. ఊరికే ఒక చుట్టు తిప్పి చూసుకుని వస్తా, రేపు రేసు కదా."

వీధి గదిలో మొగుడి మెకానిక్ షాపు, వెనక గదుల్లో కాపురం. ఆమె చదివింది తక్కువే అయినా ఆ ఇంట్లో ఇంజన్ల మాటలు చెవిన పడకుండా పోవు. చిట్టి పాత బండిలో కొత్త పిస్టన్ వేసింది, పైన మూతలా ఉండే హెడ్డు అరగదీయించింది. ఇప్పుడు లోపల గాలీ పెట్రోలూ మునుపటికంటే గట్టిగా నొక్కుకుంటాయి. మామూలు పెట్రోలు ఆ నొక్కుడుకి ఓర్చుకోదట, తన వంతు రాకముందే భగ్గుమంటుందట. అలాగే నడిపితే పిస్టన్‌కి చిల్లు పడుతుందట. అందుకని చిట్టి ఊరవతల బంకు దాకా పోయి ఆక్టేన్ ఎక్కువున్న పెట్రోలు తెచ్చి పోసుకుంది. రేపు బండి బాగా పరిగెత్తితే, దాన్ని తయారుచేసినవాళ్లని ఒక రేసు జట్టు మెకానిక్కుగా తీసుకుంటుంది. జీతమిచ్చే పని. ఈ షాపులో చిట్టి పొద్దంతా చేసేదాన్ని తండ్రి 'చేతిసాయం' అంటాడు. జిడ్డుబట్టలు ఉతికి, కిరోసిన్లో బోల్టులు కడిగే తల్లి పనికి ఆ పాటి పేరు కూడా లేదు.

అంతకుముందు మధ్యాహ్నం చిట్టి నిద్రపోతుండగా, పెరట్లో బట్టలారేస్తూ ఆమె చూసింది. మొగుడు చిట్టి బండిలోంచి పైపుతో పెట్రోలు లాగి తన బండిలోకి పట్టుకుంటున్నాడు. ఆ తరువాత షాపు డబ్బాలోని మామూలు పెట్రోలు కూతురి ట్యాంకులో పోశాడు.

"అదేంటండీ, అది వేరే పెట్రోలు తాగితే పగులుతుందంట కదా!"

"ఇంత మంచి సరుకు ఆడపిల్ల ఆటకెందుకే? నా ముసలి బండికి పోస్తే గుర్రంలా పోతుంది. దానిది ఏది పోసినా నడుస్తుందిలే."

"దానికి చెప్పనైనా..."

"మొదలెట్టావా? గాలేస్తే ఇంటికప్పు లేచిపోతుందంటావు, పిల్ల తుమ్మితే ఆస్పత్రంటావు. ఇప్పుడు పెట్రోలు మీద పడ్డావా? దాని దగ్గర వాగి రేసు ముందు మనసు పాడుచెయ్యకు."

తన భయాల గురించి అతనన్నదాంట్లో అబద్ధమేమీ లేదు. జన్మంతా జరగనివాటికి భయపడుతూనే బతికింది. ఇప్పుడు కళ్లారా చూసినదాన్ని చెప్పబోయినా నోట్లోంచి పాత భయంలాగే ఊడిపడింది. చిట్టి నవ్వేసి వెళ్లింది.

చీకటి పడకముందే తిరిగొచ్చింది, బండి తోసుకుంటూ.

"వంతెన ఎక్కుతుంటే రేకుడబ్బాలో గులకరాళ్లు ఆడించినట్టు చప్పుడు నాన్నా. వెంటనే ఆపేశా."

అతను స్టూలు మీంచి లేవలేదు. "హెడ్డు జోలికి పోవద్దని చెప్పానా? ఆడపిల్ల చేతికి స్పానరిస్తే ఇంతే మరి. రేపు నలుగురిలో నవ్వులపాలవుతావు, మానెయ్."

"పెట్రోలు మంచిదే పోశాను. అయితే తప్పు నా కొలతల్లోనే ఉండాలి." చిట్టి నేల మీద చతికిలబడింది. "వెళ్లనులే నాన్నా."

అతను తాపీగా టీ చప్పరించాడు.

ఆ 'తప్పు నాదే' అన్న గొంతు ఆమెకు తెలుసు. కాపురానికొచ్చిన కొత్తలో తన కుట్టుమిషన్ ఒకనాడు బిగుసుకుపోయింది. "తొక్కడం చేతకానిదానికి మిషనెందుకు" అంది అత్తగారు. "అమ్మ చెప్పింది నిజమే" అన్నాడు మొగుడు. ఆమె కూడా నమ్మింది. నమ్మి, కుట్టమని ఇచ్చిన ఇంటింటి జాకెట్లూ తిరిగిచ్చేసింది. చాన్నాళ్లకు ఆడపడుచు నవ్వుతూ చెప్పింది, మిషన్‌లో వంటనూనె పోసి బిగుసుకునేలా చేసింది అత్తగారేనని, కోడలు ఎంతసేపూ కుట్టుకుంటూ కూర్చుంటే ఇంటిపనెవరు చేస్తారని. అప్పటికి ఆ కాళ్లు తొక్కడం మరిచిపోయాయి.

చిట్టి తలెత్తింది. "నేను లేనప్పుడు నా ట్యాంకు ఎవరైనా ముట్టుకున్నారా?"

అతను గ్లాసు కింద పెట్టి మేకుల డబ్బాలో ఏదో వెతుకుతున్నాడు. వెతుకుతూనే పెళ్లాం వైపు ఒక చూపు చూశాడు. ఆ చూపు పడ్డప్పుడల్లా ఆమె లోపలికెళ్లి ఏదో ఒక గిన్నె తోముకునేది. వీధిలో ఎవరి బండో పోయింది. చిట్టి స్పానరు అందుకుని, తను బిగించిన హెడ్డు తనే విప్పడానికి వంగింది.

"విప్పకు" అంది ఆమె. "మీ నాన్న ముట్టుకున్నారు. నీ పెట్రోలు లాగి తన బండిలో పోసుకుని, నీ దాంట్లో మామూలుది పోశారు. నీ కొలతలు సరిగ్గానే ఉన్నాయి. భయపడి చెప్పడం లేదే, చూసి చెబుతున్నాను."