తెల్లకాయితం మీద ఏలు

సాయంత్రం ఏడు కొట్టిందంటే ఈ బిక్షమ్మను ఎవ్వలు పిలిచినా పలుకదు. లాయర్ హరిణి సీరియల్ నాలుగేండ్ల సంది ఒక్క దినం ఇడవకుండ చూస్తున్న. నా కేసు గూడ నాలుగేండ్ల సందే నల్గొండ కోర్టుల నడుస్తాంది మరి. మా ఆయన కృష్ణయ్య పోయినంక, రోడ్డు పొంటి ఉన్న మా జాగల పక్కింటి గోపాల్ గోడ పెట్టిండు. నాకూ నా బిడ్డ వర్షితకూ ఉన్నది గా జాగొక్కటే.

సీరియల్ల గూడ గంతే. మొగడు చచ్చిన ఒకామె జాగ గుంజుకున్నరు. హరిణి ఆమె తరపున కొట్లాడుతాంది. ఇగ పది రోజులల్ల సీరియల్ అయిపోతదట.

ఆ దినం నేను, వర్షిత, మా మరిది లింగస్వామి టీవీ ముందట కూసోని తింటున్నం. తెల్లారితే మా కేసు వాయిదా. నేను కాపురానికొచ్చిననాడు లింగస్వామికి ఆరేండ్లు, నా చేతులనే పెరిగిండు. కోర్టు పనులన్నీ వాడే చూస్తడు.

టీవీల హరిణి తలుపేసుకుంది. సొరుగుల నుంచి ఒక తెల్లకాయితం తీసింది. కింద ఆ ఆడామె ఏలిముద్ర ఉన్నది. దాని మీద ‘నేను రాజీకి ఒప్పుకుంటున్నాను’ అని రాసుకుంట చదువుతాంది.

ముద్ద నా చేతులనే ఆగింది. "అయ్యో అయ్యో! దీని నోట్ల మన్నువడ! హరిణి గిట్ల చేసుడేందే? నాలుగేండ్లు దేవత లెక్క చూస్తి గదనే!" నా కోపం ఆగలే. "ఆ ఆడామెకన్న బుద్ధి ఉండొద్దా? రాయని కాయితం మీద ఎవతన్న ఏలు పెడ్తదా?"

"నువ్వు పెట్టలేదా అమ్మా?" అన్నది వర్షిత. "మొన్న సోమారం లింగస్వామి కాక మూడు కాయితాలు తెస్తే పెడ్తివి గద."

పెట్టిన మాట నిజమే. పత్తి ఏరుతుంటే చేన్లకే వచ్చిండు. "వాయిదా వాయిదాకు నువ్వు పని ఇడిచి రావద్దు వదినా" అన్నడు. మా దిక్కు అందరు గట్లనే ముందుగాల తెల్లకాయితాల మీద ఏలు పెట్టి, కేసుకు తిరిగెటోని చేతుల పెడ్తరు.

"మన లింగడు తీస్కుంటే ఏమైతదే" అని నవ్వుకుంట వాని దిక్కు తిరిగిన. వాడు నవ్వలే. ప్లేట్ల సగం అన్నం ఉండంగనే చెయ్యి కడిగిండు.

"లింగా, నా కాయితాలేవిరా?"

"ఉన్నయి వదినా."

"తే."

బండి డిక్కీలకెళ్లి తెచ్చిండు. రెండు తెల్లగనే ఉన్నయి. మూడోదాని మీద ఏదో రాసి ఉన్నది. వర్షిత చదివింది. గోడ దాకా జాగ గోపాల్‌దేనట, నేను కేసు వాపసు తీస్కుంటున్ననట. కింద నా ఏలు.

"ముందట రెండు దుకాణాల జాగ గోపాల్ నాకిస్తన్నడు వదినా. రేపు కోర్టుల ఇద్దామనుకున్న" అని లింగస్వామి నేల చూపులు చూసిండు.

హరిణిని తిట్టిన తిట్లల్ల ఒక్కటన్న వీని మీదికి రాలే. బువ్వ కలిపి తినిపించిన పోరడు. ఏడ్పొచ్చింది. ఆ మూడు కాయితాలు చింపి పొయ్యిల ఏసిన.

తెల్లారి మొదటి బస్సుకే నల్గొండ పోయిన. కోర్టుల బంట్రోతు మూడుసార్లు పిలుస్తడని సీరియల్ల చూసిన. మొదటిసారి "బిక్షమ్మా" అనంగనే లేచిన. "ఉన్న సారూ! నేనే బిక్షమ్మను!"

ముందట నిలవడ్డ మా లాయరు రఘుపతి సారు గిర్రున తిరిగిండు. నాలుగేండ్లు నా కేసు నడిపినాయన నన్ను కిందికెళ్లి మీదికి చూసి, "బిక్షమ్మంటే నువ్వేనా అమ్మా?" అన్నడు.