ఎడమవైపు కుర్చీ

ఈల మాస్టారికి పక్షవాతం వచ్చిందని మొదట కనిపెట్టింది ఆయన భార్య. పొద్దున్నే గడ్డం గీసుకుని వచ్చి బల్ల దగ్గర కూర్చున్న మనిషికి కుడి చెంప నున్నగా ఉంది, ఎడమ చెంప మీద సబ్బు నురగ అలాగే ఉంది. "సగం మొహం ఎవరికోసం దాచారు?" అని ఆమె నవ్వబోయింది. ఆయన కప్పు అందుకోబోయి, కుర్చీలోంచి ఎడమపక్కకు ఒరిగిపోయాడు.

బడిలో ఆటల మాస్టారుగా పనిచేసి రిటైరైన మనిషి ఆయన. మెడలో ఈల లేకుండా ఆయన్ని ఎవరూ చూడలేదు. పిల్లలు పెట్టిన పేరే పెద్దలకూ అలవాటైపోయింది.

ప్రాణగండం గడిచాక ఆస్పత్రిలోనే వ్యాయామ చికిత్స జరిగే వార్డుకు మార్చారు. మెదడులో కుడివైపు దెబ్బ తిన్నదనీ, అందుకే ఎడమ చెయ్యి, ఎడమ కాలు పట్టు తప్పాయనీ ఫిజియోథెరపిస్టు చెప్పింది. అంతకన్నా వింత సంగతి ఇంకొకటుంది. లోకానికి ఎడమవైపంటూ ఒకటుందన్నదే ఆయన మరిచిపోయాడు. చూపు బాగానే ఉంది. కానీ పళ్లెంలో కుడిసగం ఖాళీ చేసి, మిగతా సగం కళ్లెదుటే ఉండగా, ఇంకా పెట్టమనేవాడు. ఒళ్లో పడివున్న తన ఎడమచేతిని చూసి, "ఇదెవరిది? నర్సమ్మ మర్చిపోయి వెళ్లిందా?" అన్నాడు. పక్క మంచం రోగి నవ్వాడు. భార్య నవ్వలేదు.

ఫిజియోథెరపిస్టు మితభాషి. గొంతు పెంచడం ఎరగదు. వచ్చిన రోజే మంచానికి కుడివైపున్న కుర్చీని ఎడమవైపుకు జరిపింది.

"ఇకనుంచి ఎవరొచ్చినా ఇటే కూర్చోండి. ఇటునుంచే మాట్లాడండి. ఆయనే తల తిప్పి వెతుక్కోవాలి."

భార్య అలాగే కూర్చుని పిలిచింది. ఆయన కుడివైపు గోడను చూస్తూ నర్సును అడిగాడు. "మా ఆవిడ ఏది? పొద్దుట్నుంచి జాడ లేదు."

"ఇక్కడే ఉన్నానండీ."

"ఎక్కడ?" అని మళ్లీ గోడనే వెతికాడు.

పెళ్లయిన నాటినుంచీ ఆయన ఒక్క కేకేస్తే ఇంట్లో ఏ మూలనున్నా "వస్తున్నా" అని పలికిన మనిషి ఆమె. ఇప్పుడు చెయ్యి చాస్తే తగిలేంత దగ్గరుండీ కనపడకుండా పోయింది. బయటికి వెళ్లి, కాసేపు ఏడ్చి, మొహం కడుక్కుని మరిదికి ఫోన్ చేసింది.

మరిది లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. అన్నదమ్ములిద్దరూ ఏళ్ల తరబడి ఎడమొహం పెడమొహంగానే ఉన్నారు. తమ్ముడి కూతురు చిన్నప్పుడు గాలిలా పరిగెత్తేది. పెదనాన్నే దగ్గరుండి తర్ఫీదిచ్చాడు. మోకాలు నొప్పంటే, నొప్పిని దాటినవాళ్లే గెలుస్తారని చెప్పి మళ్లీ ఈల ఊదేవాడు. ఒకరోజు మైదానం మలుపులో మోకాలు మెలితిరిగి ఆ పిల్ల పడిపోయింది. ఆపరేషనయ్యాక నడక వచ్చింది గానీ, పరుగు రాలేదు. తమ్ముడు మళ్లీ అన్న గడప తొక్కలేదు.

"నువ్వంటే ఆయనకి ముక్కుమీదుంటుంది కోపం. నా గొంతుకి తిరగని తల నీ గొంతుకైనా తిరుగుతుందేమో" అంది ఆమె.

"తిట్టడానికైతే వస్తా వదినా."

"తిట్టడానికే రా."

సాయంత్రం చేతులకు గ్రీజుతోనే వచ్చాడు. ఎడమవైపు కుర్చీలో కూర్చుని, గొంతు సవరించుకున్నాడు. "ఏం అన్నయ్యా, ఊళ్లో పిల్లలందర్నీ పరిగెత్తించావుగా. ఇప్పుడు లేచి నిలబడు చూద్దాం."

ముందు కనుబొమలు ముడిపడ్డాయి. తర్వాత తల కదిలింది. మధ్యదాకా వచ్చి, ఎవరో పట్టి ఆపినట్టు ఆగి, గడ్డం వణుకుతూ ఆ మధ్యను దాటి ఎడమకు తిరిగింది. "వీణ్ణెవరు రానిచ్చారు?"

భార్య నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "రేపు కూడా రండి" అంది ఫిజియోథెరపిస్టు.

అతను పని దిగి రోజూ వచ్చేవాడు. అతను ఎత్తిపొడవడం, అన్న అటు తిరిగి తిట్టడం. ఆ తిట్ల మధ్యే చికిత్స సాగింది. రెండు కడ్డీల మధ్య నిలబెట్టి, కుడికాలి మీదే వాలిపోయే ఒంటిని ఎడమకాలి మీదికి మళ్లించేవారు. మెల్లగా భార్య పిలుపుకూ తల తిరగసాగింది. కాస్త అడుగు పడేసరికి మాస్టారికి పాత పట్టుదల వచ్చేసింది. ఒకరోజు ఎడమచేతిని కుడిచేత్తో పట్టుకుని తలపైకి బలవంతంగా లాగుతున్నాడు. మొహమంతా చెమట.

ఫిజియోథెరపిస్టు ఆ చేతిని మెల్లగా దించి దిండు మీద పెట్టింది. "నొప్పి వస్తోంది కదా? ఆపండి."

"నొప్పికి భయపడితే ఏమొస్తుందమ్మా?"

"పట్టులేని భుజం మాస్టారూ. ఇలా లాగితే కీలు జారుతుంది. చేతిలో ఉన్న కాస్త సత్తువ కూడా పోతుంది. నొప్పంటే ఒళ్లు వద్దని చెప్పడమే."

ఎడమపక్కనుంచి దెప్పిపొడుపు రావాలి. రాలేదు. ఎవరూ పిలవకుండానే ఆయన తల అటు తిరిగింది. తమ్ముడు నేలచూపులు చూస్తూ కూర్చున్నాడు.

"పాప ఎలా ఉందిరా?"

"ఈ ముక్క అడగడానికి నీకిన్నేళ్లు పట్టింది" అని తమ్ముడు లేచి వెళ్లిపోయాడు.

మర్నాడు అతను రాలేదు. అతని కూతురొచ్చింది. మందుల దుకాణంలో పనిచేస్తోంది. రోజంతా నిలబడే ఉద్యోగం. కుర్చీలో కూర్చుని కుడికాలు చాపుకుంది.

"నేను మీకోసం రాలేదు పెదనాన్నా. పెద్దమ్మ ఒక్కతే అవస్థ పడుతోందని వచ్చాను."

ఆయన ఆమె మొహాన్ని వెతికి పట్టుకోవడానికి కొంచెంసేపు పట్టింది. "మోకాలు?"

"మెట్లు దిగేటప్పుడు పట్టేస్తుంది."

"ఆవేళ నువ్వు ఆపేద్దామన్నావు."

"అన్నాను. మీకు వినపడలేదనుకున్నాను."

"వినపడిందమ్మా."

ఆమె కిటికీ అవతల అంబులెన్సు వెనక్కి తిరుగుతుంటే అటే చూస్తూ ఉండిపోయింది. ఇంతలో నడిపించే వేళయిందని ఫిజియోథెరపిస్టు వచ్చి, ఎడమవైపు ఎవరైనా తోడుండాలంది. పెద్దమ్మ లేవబోతుంటే ఆ అమ్మాయే లేచి, ఆయన నడుముకు కట్టిన బెల్టు పట్టుకుంది. వార్డు గుమ్మం దగ్గర ఆయన భుజం నేరుగా తలుపుచెక్క మీదికి పోతోంది.

"ఎడమపక్క తలుపుంది. చూడండి."

తల తిప్పి, చూసి, తప్పుకున్నాడు. మందుల గది దాటాక అడుగు తడబడింది. పళ్లు బిగించి ఇంకొక అడుగు వెయ్యబోయి, ఆగాడు.

"ఇక చాలు. కూర్చుందాం" అన్నాడు.

ఇద్దరూ గోడవారనున్న బెంచీ మీద కూర్చున్నారు. "మంచినీళ్లు కావాలా?" అని ఆమె అడిగింది. కావాలన్నాడు.

వానలు మొదలయ్యేనాటికి చేతికర్రతో ఇంటికి వెళ్లాడు. వీధి చివరిదాకా నడుస్తాడు. కరెంటు స్తంభాన్ని ఇప్పటికీ అప్పుడప్పుడు భుజంతో పలకరిస్తుంటాడు. ఎడమచెయ్యి, గుర్తుచేస్తే గ్లాసు పట్టుకుంటుంది. తమ్ముడు ఆదివారాలు వచ్చి, ఏదో ఒక వంక పెట్టుకుని గొడవపడి, భోంచేసి వెళ్తాడు. ఆ అమ్మాయి దుకాణం మూసి వెళ్తూ ఎప్పుడైనా తొంగిచూస్తుంది. పెదనాన్నని క్షమించానని ఆమె ఎన్నడూ అనలేదు. అనమని ఆయనా అడగలేదు.