మూత లోపలి పేరు

కుళ్ళాయప్ప దగ్గర వెండి గడియారం ఉందని గార్లదిన్నెలో అందరికీ తెలుసు. అది దొంగ సొత్తని కూడా అందరికీ తెలుసు.

తెల్లవాళ్ల కాలంలో రైలు కట్ట పని చూసే దొర బంగళాలో కుళ్ళాయప్ప వంట చేసేవాడు. దొర తన దేశం పోతూ, "దీంట్లో నీ పేరు రాయించినాను, ఉంచుకో" అని తన జేబు గడియారం అతని చేతిలో పెట్టాడట. ఊళ్లో ఎవరూ నమ్మలేదు. ఎట్లాగైనా నమ్మించాలని కుళ్ళాయప్ప దాన్ని కరణం దగ్గరికి పట్టుకుపోయాడు. కరణం మూత తెరిచి, లోపల ఉన్న ఇంగ్లీషు గొలుసుకట్టు రాతను కాసేపు అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది దొర పేరు. నీ పేరు యాడుండాది రా ఇందులో?" అన్నాడు. కరణానికి ఇంగ్లీషు రాదు. రాదని ఒప్పుకుంటే కరణీకం ఏం కావాలి?

ఆ రోజే గడియారం జొన్నల కుండలోకి పోయింది. కొడుకు రంగన్న మాత్రం దొంగ కుళ్ళాయి కొడుకుగానే మీసాలు పెంచాడు, పెళ్లి చేసుకున్నాడు, తలలో తెల్ల వెంట్రుకలు చూసుకున్నాడు. అసలు జరిగిందేమిటని నాయనను ఏనాడూ అడగలేదు. కరణం చదివి చెప్పినాక అడగడానికి ఏముంది?

అరవై ఒకటిలో, వేరుశనగ పైరు మొలకలోనే మాడిపోయిన ఏడు, బళ్ళారి వకీలు ఈశ్వరప్ప కోర్టు పని మీద అనంతపురం వచ్చి చుట్టాలింట్లో దిగాడు. పాత జేబు గడియారాలంటే ఆయనకు పిచ్చి. ఆ సంగతి తెలిసి గడియారం ఆయనకు అమ్ముదామనుకున్న రంగన్నకు ఎంత వస్తుందనే ధ్యాస పెద్దగా లేదు. గడియారం ఇల్లు దాటితే చాలు, దాంతోపాటు దొంగ అనే మాటా పోతుందనుకున్నాడు. కానీ వకీలు మూత తెరిచి దొర పేరు చూస్తాడు. యాడ కొట్టేసినారప్పా అంటాడు. అప్పుడు?

"దానికింత దిగులెందుకు?" అంది అతని భార్య తిమ్మక్క. చింతపండు, బూడిద వేసి గడియారాన్ని చెంబు తోమినట్టు తోముతోంది. "మా పుట్టింటోళ్లిచ్చిన బిందె మింద మా నాయన పేరు ల్యా? పేరు కొట్టిస్తే సొత్తు మనదే. ఎవురడగతారు?"

ఆ మాట రంగన్నకు నచ్చింది. నాయనకు చెప్పకుండా అనంతపురం పాతూరుకు పోయాడు. అక్కడ హనుమంతరాయుడనే అతను బిందెల మీద, గంగాళాల మీద చుక్కలు చుక్కలుగా పేర్లు కొడతాడు. మూత తెరిచి చూసి అతను ఆగాడు.

"ఈడ ఇంగ్లీషులో ఏందో రాసుండాది కదప్పా."

"గీకేయి."

"ఎవురిదప్పా ఇది?"

"మా నాయనది."

"మీ నాయన ఇంగ్లీషోడా ఏమి?" అని నవ్వి హనుమంతరాయుడు ఆకురాయి అందుకున్నాడు. గీకిన చోట తెలుగులో కుళ్ళాయప్ప అని కొట్టి ఇచ్చాడు.

గడియారం అమ్ముతామని రంగన్న కబురు పెడితే, సొత్తు ఎవరిదో ఆ మనిషినే తీసుకురమ్మన్నాడు వకీలు. మరునాడు తండ్రీ కొడుకులు పోయి ఆయన ముందు వసారాలో నిలబడ్డారు. ఈశ్వరప్ప గడియారం వెనక మూత తీసి, భూతద్దం కంటికి పెట్టుకున్నాడు. ఆయన ముఖం వెలిగిపోయింది.

"తాళంచెవితో తిప్పేది. నంబరు చూడప్పా, మూడంకెలే. కంపెనీ పెట్టిన కొత్తలో చేసింది. తర్వాత లక్షలు చేసినారు, అవి యాడైనా దొరుకుతాయి. ఇవి దొరకవు. అంకెల బిళ్ల మింద వెంట్రుకంత పగులు కూడా లేదు. ముళ్లు కూడా అప్పటివే." పైమూతను వేలితో తడిమాడు. "ఇట్ల తోమినారేమప్పా? పాత నలుపు పోతే పాతదానికి మిగిలేదేమి?"

తరువాత లోపలి మూత తెరిచాడు. దాన్ని వెలుగుకు ఏటవాలుగా పట్టి చూశాడు.

"నీ పేరేమి ముసలాయనా?"

"కుళ్ళాయప్ప సామీ."

"ఈడ ముందు ఇంగ్లీషులో రాసుండింది కూడా నీ పేరేనప్పా. ముందర 'కుళ్ళా' వరకు ఆనవాలుండాది, దాని మిందనే చుక్కలు కొట్టినారు. పై వరసలో ఒక్క మాట మిగిలింది, నమ్మకస్తుడు అని. నమ్మకస్తుడైన నా నౌకరుకు అని రాయించింటాడు మీ దొర. మొదటి కాలం గడియారం, అందులో ఎవురు ఎవురికిచ్చిందీ రాసుండేది, అట్లాంటి దానికోసం నేను బొంబాయి దాకా పోతా. ఎవురు గీకింది దీన్ని?"

నాయన చెప్పిందీ, కరణం చెప్పిందీ రెండూ చెవిన పడితే రంగన్న ఇన్నేళ్లూ కరణం మాటనే దాచుకున్నాడు. పాతూరులో మూత మీద మిగిలిన వెండి పొడిని తానే నోటితో ఊదాడు.

కుళ్ళాయప్ప మూత వంక చూశాడు. కొడుకు వంక చూశాడు.

"నేనే సామీ," అన్నాడు. "చెంబు మింద మాదిరి మన అచ్చరాల్లో ఉంటే బాగుంటాదని గీకిస్తి."

వకీలు నవ్వాడు. "నీ పేరు నువ్వే గీకిచ్చుకొన్న్యావు కదప్పా."

"చదువు లేనోన్ని సామీ," అని ముసలాయన కూడా బోసినోటితో నవ్వాడు.

నేను గీకించాను అని రంగన్న ఒక్క మాట అంటే సరిపోయేది. గొంతు దాకా వచ్చింది కూడా. ఈశ్వరప్ప ముఖంలో నవ్వు ఇంకా పోలేదు. ఆ నవ్వు తన వైపు తిరుగుతుందని రంగన్న నోరు మెదపలేదు.

"ఇది నాకు పనికి రాదప్పా," అంటూ వకీలు గడియారం తిరిగి ఇవ్వబోయాడు. కుళ్ళాయప్ప చెయ్యి చాపలేదు.

"సామీ, ఆ మిగిలిన మాట ఇంకొక తూరి చదవండి. మావాడు ఇనాల."

ఈశ్వరప్ప ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. భూతద్దం మళ్లీ పెట్టుకుని ఆ మాటను ఇంగ్లీషులో చదివాడు, తరువాత తెలుగులో చెప్పాడు. రంగన్న నేల చూస్తూ నిలబడ్డాడు.

"ఇంకొంచెం గట్టిగా, సామీ," అన్నాడు కుళ్ళాయప్ప.