కూర్చోకూడని రోజు

నూట ఇరవయ్యో క్యాబేజీ చుట్ట చుట్టేసరికి స్మిల్యానా వేళ్ళు ఉప్పునీటికి భగ్గున మండాయి. ఊరేసిన ఆకులో కీమా పెట్టి చుట్టాలి, గిన్నెలో పేర్చి ఉడికించాలి. ఇవాళ ఈ ఇంటి ఇలవేల్పు సెయింట్ దిమిత్రి పండగ. ఈ పండక్కి ఎవరినీ పిలవరు, తెలిసినవాళ్ళంతా వస్తారు. వచ్చినవాళ్ళకి పెట్టేది, గ్లాసులు నింపేది, పళ్ళేలు కడిగేది ఒక్క కోడలే.

ఆమెకి షుగరు వచ్చి ఆరేళ్ళు. మధ్యాహ్నం ఇన్సులిన్ సూది వేసుకున్న అరగంటలో తినాలి, రోజూ అరగంట నడవాలి అని డాక్టరమ్మ కాగితం మీద రాసిచ్చింది. అది చూసి అత్తగారు దెసాంకా మూతి తిప్పింది. "ఈ రాసినావిడ కొంపలో పండగా పబ్బం లేవా?" అంది. నడకకి బయల్దేరితే మొగుడు మిలోసావ్ అడ్డం పడ్డాడు. "ఉత్త చేతులతో ఆడది రోడ్డుమీద తిరిగితే ఇంట్లో పనీపాటా లేదనుకుంటారే!" అప్పట్నించి ఆమె ఖాళీ పాలక్యాను ఊపుకుంటూ నడిచింది. తన ఒంటి కోసం నడవడానిక్కూడా పనిలో ఉన్నట్టు వేషం కట్టాలి. పాలు ఎక్కడివని ఊళ్ళో ఆరాలు మొదలయ్యాక అదీ మానేసింది. షుగరు తగ్గలేదు. "మీకు శ్రద్ధ లేదమ్మా" అని డాక్టరమ్మ కసిరింది. శ్రద్ధట! ఈ ఇంట్లో శ్రద్ధంతా ఎవరి పొట్టలోకి పోతోందో ఆవిడకేం తెలుసు?

పోయినేడు ఇదే పండగనాడు సూది వేసుకున్నాక తినే తీరిక దొరక్క, ట్రేతో సహా హాల్లో కూలబడింది. "కోడలు వంటింట్లోనే రెండు చుక్కలు వేసినట్టుందే" అని చుట్టాలు ఇకిలించారు. మిలోసావ్ కూడా నవ్వాడు. ఆ నవ్వు ఆమె ఈ జన్మకి మరిచిపోదు.

మధ్యాహ్నానికి హాలు వచ్చినవాళ్ళతో నిండింది. ఇవాళా సూది వేసుకుని ఇరవై నిమిషాలైంది. "కాఫీ ఏదే?" "ఇక్కడ రొట్టె అయిపోయింది!" మెడ మీద చెమట పట్టింది. చేతులు వణకడం మొదలైంది. స్మిల్యానా ఉడికిన చుట్టలు నాలుగు పళ్ళెంలో వేసుకుని హాల్లోకి వచ్చి, మొగుడి ఎదురుగా కుర్చీ లాక్కుని, కూర్చుని తినసాగింది.

అప్పుడే వాకిట్లో ఎవరో తలుపు తట్టారు.

"లేవే" అని గుర్రుమన్నాడు మిలోసావ్.

"ఎంత బరితెగింపు!" అత్తగారు గుండెలు బాదుకుంది. "ఈ రోజున ఇంటి యజమానే కూర్చోకూడదు. మా మామగారు పొద్దుగూకేదాకా నిలబడే అందరికీ స్వయంగా వడ్డించేవారు. నువ్వు కోడలివై ఉండి కూర్చుంటావా?"

స్మిల్యానా నోట్లో ముద్ద నిదానంగా నమిలి మింగింది. పొద్దున పదింటినించి కుర్చీలోంచి కదలని మొగుడి వైపు చూసింది.

"విన్నావుగా, యజమానివి నువ్వే. లేచి ఆ తలుపు తియ్యి. వచ్చేటప్పుడు నాకు రొట్టె పట్రా."