కీచు, టక్కు

మా మరిది కొత్తగా షెడ్డు పెట్టుకుని మా కారుకి బ్రేక్ ప్యాడ్లు మార్చాడు. మర్నాడు మా ఆఫీసు గేటు దగ్గర ఆపబోతే బండి కీచుమంది. వాచ్‌మన్ వెనక్కి తిరిగి చూశాడు. ఆ సంగతి ఇంట్లో చెప్పకుండా ఊరుకుంటే పోయేది.

"పాత ప్యాడ్లనే రుద్ది పెట్టుంటాడు," అన్నారు మావారు తువ్వాలు దులుపుతూ.

"సొంత తమ్ముడండీ."

"అందుకే. బయటివాడైతే కాస్త భయమైనా ఉంటుంది."

తన ఆఫీసు బళ్ళన్నీ రిపేరుకి నీకే పంపిస్తానని ఆయన తమ్ముడికి మాటిచ్చారు. ఆ ధైర్యంతోనే మరిది చేస్తున్న పని మానేసి షెడ్డు పెట్టాడు. ఇప్పుడేమో, "ఈ వారం చూస్తాను, తేడా వస్తే ఆ మాట మర్చిపొమ్మంటాను," అంటున్నారు.

నేను మరిదికి ఫోన్ చేశాను.

"ఏమంటోంది వదినా?"

"ఏదో శబ్దం."

"శబ్దమంటే కుదరదు. అది ఎలా అంటే నువ్వూ అలాగే అను."

చుట్టూ ఎవరూ లేరని చూసుకుని, "కీ...చ్," అన్నాను.

అటువైపు నవ్వు. "కొత్త ప్యాడ్లు కదా, ఇంకా ఒరుసుకోలేదు. కొత్త చెప్పులు కిర్రుమనవూ? కొన్నాళ్ళు తిప్పితే పోతుంది. ఇంకో రకంగా అంటే మాత్రం వెంటనే చెప్పు."

అంత తేలిగ్గా నవ్వేసరికి నాకూ అనుమానం పట్టుకుంది. రేడియో కట్టేసి, అద్దం దించి, చెవులు రోడ్డుకి అప్పగించి నడిపాను. బండి కీచుమన్నప్పుడల్లా వాడి నవ్వే గుర్తొచ్చేది.

ఆదివారం కూరగాయలు తెచ్చేసరికి మావారు కారు పక్కన గొంతుక్కూర్చుని ఉన్నారు. మోచేతికి నల్లటి మరక.

"ఏం చేస్తున్నారు?"

"కడుగుతున్నా."

బకెట్ పొడిగా ఉంది. నేను సంచీ పట్టుకుని లోపలికి వెళ్ళాను.

మర్నాడు అత్తయ్యను కళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్తుంటే, బ్రేకు తొక్కగానే టక్కుమంది. గతుకుల్లో టకటకమంటూనే ఉంది.

"అమ్మాయ్, కింద ఎవరో తలుపు కొడుతున్నట్టు లేదూ?" అంది అత్తయ్య.

సాయంత్రం ఆ మాట చెబితే మావారు, "చూశావా, చేతగాని పని," అన్నారు. అన్నారు గానీ నా మొహం చూడలేదు. నేను మరిదిని రమ్మన్నాను.

వాడు వచ్చి చెప్పులు కూడా విప్పకుండా అడిగాడు. "టక్కు ఎప్పట్నుంచి?"

"ఇవాళే. మొన్నటిదాకా కీచే."

"కీచు ముదిరి టక్కు అవదు వదినా. మధ్యలో ఎవరో చెయ్యి పెట్టారు."

"అంటే నేను విప్పాననా?" అన్నారు మావారు.

"నీ పేరు నేనెత్తలేదన్నయ్యా."

మరిది జాకీతో బండి ఎత్తి ముందు చక్రం ఊడదీశాడు. వేలు పెట్టి చూపించాడు. "ఇక్కడ రేకు క్లిప్పు ఉండాలి. ప్యాడ్ కదలకుండా పట్టి ఉంచుతుంది. లేదు."

"నువ్వే పెట్టి ఉండవు," అన్నారు మావారు.

మరిది మొహం చిన్నబోయింది. అప్పుడే అత్తయ్య టీ కప్పులు, చక్కెర పొట్లం పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. పొట్లం మూతి మడిచి, దానికి వంకర తిరిగిన మెరుపు రేకొకటి తగిలించి ఉంది.

"కిటికీలో దొరికింది. బట్టల క్లిప్పు కన్నా గట్టిగా పట్టుకుంటోంది," అంది.

ముగ్గురం దాని వైపే చూశాం.

"బిగించాక మిగిలింది. ప్యాడ్లతో పాటు ఎక్కువ ఇచ్చారేమో అనుకున్నా," అన్నారు మావారు మెల్లిగా.

"బ్రేకులకి కొసరు వెయ్యరన్నయ్యా."

నాకు నవ్వు రాలేదు. "విప్పి చూశారుగా. ప్యాడ్లు పాతవా, కొత్తవా?" అని అడిగాను.

ఆయన టీ ఊదుకున్నారు. "కొత్తవే."

"మరి నిన్ననే చెప్పొచ్చుగా?"

మరిది పొట్లం నుంచి రేకు లాగి, చొక్కా అంచుకి తుడిచి, దాని చోట్లో అమర్చాడు. మావారు అడక్కుండానే టార్చి పట్టుకుని వంగి నిలబడ్డారు.

"రేపు మా మేనేజరు బండి పంపిస్తాను," అన్నారు చక్రం బిగించాక.

"పంపించు. ఆదివారం మాత్రం ఆయనింటికి వెళ్ళకు."

"పొట్లానికి ఏం పెట్టనురా ఇప్పుడు?" అంది అత్తయ్య.

నేను బండి వెనక్కి తీసి, వీధి మలుపు దాకా పోనిచ్చి బ్రేకు తొక్కాను. కీచుమంది. పక్క సీట్లో మావారు నోరు తెరవబోయి, మూసుకున్నారు.