గాజుగిన్నెలో మాత్రమే

పళ్లరసం కంపెనీ పరిశోధనశాలలో ఆమె పని చుక్కలు వేయడం. నల్లద్రాక్ష తొక్కలోంచి తీసిన సారాన్ని, గాజుగిన్నెల్లో పెంచిన పెద్దపేగు క్యాన్సర్ కణాల మీద కొలిచి కొలిచి వేస్తుంది. కూరలో ఉప్పు కూడా అలాగే వేస్తుందని బావ ఆమెకు చుక్కలమ్మ అని పేరు పెట్టాడు. అదే ఖాయమైపోయింది.

మూడు నెలల కిందట ఒక గిన్నెలో సగం కణాలు చచ్చాయి. ఆ సంతోషం కడుపులో దాగితేగా! అక్క ఇంట్లో భోజనాల దగ్గర "మా ద్రాక్ష క్యాన్సర్‌ని చంపేసింది" అని చాటింపు వేసింది. 'గాజుగిన్నెలో' అనే మాట మింగేసింది. అదే కొంప ముంచింది.

మళ్లీ వాళ్లింటికి వెళ్లినప్పుడు బావ ఒళ్లో గిన్నెడు ద్రాక్ష పెట్టుకుని తొక్కలు నములుతున్నాడు. అక్క చావు కబురు చల్లగా చెప్పింది. బావకు రెండు నెలలుగా విరేచనంలో రక్తం పడుతోందట. పరీక్షకు డాక్టరు రాసిన చీటీ ఫ్రిజ్ తలుపుకే అంటుకుని ఉంది.

"ఎందుకు వెళ్లలేదు బావా?"

"నీ మందు రోజూ వేసుకుంటున్నాగా మరదలా. తొక్కతో సహా."

చుక్కలమ్మకు ఒళ్లు మండిపోయింది. బావ మీద కాదు, తన నోటి మీద. గిన్నె లాక్కుంది.

"నేను కణాల మీద నేరుగా పోశాను బావా. నువ్వు తింటే నీ పేగు దాకా ఎంత చేరుతుందో, చేరి ఏం చేస్తుందో నాకు తెలీదు. పళ్లు తిను, మంచిదే. రక్తం పడుతుంటే మాత్రం పరీక్ష చేయించుకోవాలి. ఆ రోజు నేను కోతలు కోశాను. తప్పు నాదే. పద."

బావ లేచి ఫ్రిజ్ మీది చీటీ పీకాడు. "భయమేస్తోందే," అన్నాడు.

"నాకూ వేస్తోంది. అయినా వెళ్దాం."

పరీక్ష ముందురోజు తొక్కలూ గింజలూ కూడదన్నారు. బావ ద్రాక్ష వైపు పోకుండా చుక్కలమ్మ ఎదురుగా కూర్చుని కాపలా కాసింది. మర్నాడు గొట్టం వేసి చూస్తే గడ్డ కనిపించింది. క్యాన్సరే. ఇంకా పేగు దాటలేదు. కోసి తీసేశారు. "ఇంకొన్నాళ్లు ఆగుంటే ఏమయ్యేదో చెప్పలేను," అన్నాడు డాక్టరు. అక్క చెల్లెలి చెయ్యి పట్టుకుని వదల్లేదు.

ఆ వారమే మేనేజరు రసం సీసాలకు అంటించే కొత్త చీటీ నమూనా తెచ్చి ఆమె బల్ల మీద పెట్టాడు. 'పెద్దపేగు క్యాన్సర్ నుంచి రక్షణ' అని పెద్ద అక్షరాల్లో ఉంది. కింద ఆమె సంతకానికి జాగా.

చుక్కలమ్మ ఆ వాక్యం కొట్టేసింది. పక్కన రాసింది: 'గాజుగిన్నెలో మాత్రమే. మనుషుల్లో చూడలేదు.' దాని కింద సంతకం పెట్టింది.

మేనేజరు మొహం మాడిపోయింది. "ఇలా రాస్తే ఎవరు కొంటారమ్మా?"

"ఇలాంటి మాటే నా నోట విని నమ్మి మా బావ రెండు నెలలు ఇంట్లో కూర్చున్నాడు సార్. ఇంకొకళ్లని కూర్చోబెట్టను."

"అయితే బల్ల ఖాళీ చెయ్."

"చేస్తాను. నాలుగింటికి కణాలకు మేత పెట్టాలి, అది పెట్టి వెళ్తాను," అంది చుక్కలమ్మ, చేతికి తొడుగు వేసుకుంటూ. "ఆ ద్రాక్షలో నిజంగా ఏముందో ఎవరో ఒకరు తేల్చాలిగా."