లిఫ్ట్‌లో వచ్చే గ్యాస్

నాకు గ్యాస్ ఉంది. ఏడాది పాటు అందరికీ ఇదే చెప్పాను. నాకు నేను కూడా ఇదే చెప్పుకున్నాను.

పోయిన వేసవిలో కర్మన్‌ఘాట్‌లో ఒక అపార్ట్‌మెంట్ లిఫ్ట్ బాగుచేస్తూ అందులోనే నలభై నిమిషాలు ఇరుక్కుపోయాను. పదహారేళ్లుగా లిఫ్టులు రిపేర్ చేస్తున్న మనిషిని. బయటికొచ్చి నవ్వుతూ చాయ్ తాగాను. మర్నాటి నుంచి లిఫ్ట్‌లో కాలు పెడితే చాలు, ఛాతీ పట్టేసేది, చెమటలు కారేవి, ఊపిరి ఆడేది కాదు. దవాఖానలో ఈసీజీ తీసి, గుండె మంచిగానే ఉందన్నారు. గుండె కాకపోతే ఇంకేముంది, గ్యాసే. సోడా తాగాను, వాము నమిలాను, మాత్రలు మింగాను. పనిముట్ల సంచి భుజాన వేసుకుని తొమ్మిది అంతస్తులైనా మెట్లే ఎక్కాను. రిపేరయ్యాక లిఫ్ట్ ఎక్కి చూడాల్సింది మెకానిక్కే. ఆ పని వాచ్‌మన్‌లతో చేయించాను. ఈ మట్టయ్య పెద్ద మేస్త్రీ అయిపోయాడని వాళ్లు అనుకున్నారు.

ఈ సంగతి పట్టేసింది నా కూతురు సంధ్యారాణి. ఇంటర్ బైపీసీ పాసైంది. నేను బీఫార్మసీ అన్నాను. అది డిగ్రీలో సైకాలజీ అంది.

"గా సైకో సదువా?"

"సైకో కాదు నాయినా, సైకాలజీ. డిగ్రీ, పీజీ, గా తర్వాత క్లినికల్ ట్రైనింగ్. లైసెన్స్ వచ్చినంక దవాఖానల కూసోని మనుషుల బుగులు, భయం తీస్త."

"బుగులుకు తాయెత్తు కడ్తరు. గదానికి ఏడేండ్ల సదువెందుకు?"

నా భార్య సుమిత్ర నవ్వు ఆపుకుంది. పిల్ల మాత్రం నవ్వలేదు. నా కళ్లలోకి చూసి అడిగింది. "నీ గ్యాస్ లిఫ్ట్‌లనే ఎందుకొస్తది నాయినా? మెట్ల మీద ఎందుకు రాదు?"

కోపం నషాళానికి అంటింది. జవాబు లేని ప్రశ్న అడిగితే ఎవరికైనా అంటుతుంది. బీఫార్మసీ చదువు, లేకపోతే ఇంట్లో కూర్చో అని చెప్పి లేచిపోయాను.

పదకొండో రోజు పొద్దున తనే వచ్చింది. "నాయినా, ఇయ్యాల అయిదింటికి దోస్త్ బందయితది."

"ఏ దోస్తు? ఎవడు వాడు?"

డిగ్రీ సీట్ల వెబ్‌సైట్ పేరే దోస్త్ అట. తల్లీకూతుళ్లు కడుపు పట్టుకుని నవ్వారు. నాకు ఇంకా మండింది. అందులో పేరు ఎక్కాలంటే ఆధార్‌కు కలిపిన ఫోన్‌కు ఓటీపీ వస్తుంది. ఆ ఫోన్ నాది. జేబులో పెట్టి గుండీ వేసుకున్నాను. అయిదు దాటితే అదే దారికొస్తుందని నా లెక్క.

మూడు గంటలకు ఎల్‌బీ నగర్ నుంచి ఫోన్ వచ్చింది. అయిదంతస్తుల అపార్ట్‌మెంట్ లిఫ్ట్‌లో ఒక ముసలామె ఇరుక్కుంది, అరుస్తోంది. బండి తీశాను. సంధ్య వెనకాల ఎక్కి కూర్చుంది. "ఓటీపీ ఇచ్చెదాక ఎంటబడి ఒస్త" అంది. దింపే టైం లేదు.

డాబా మీద మెషిన్ గదిలో చక్రం చేత్తో తిప్పి లిఫ్ట్‌ను కదిలించాలి. అది అంతస్తుకు సరిగ్గా వచ్చిందో లేదో తలుపు దగ్గరున్నవాళ్లు చెప్పాలి. సంధ్యను లిఫ్ట్ ఆగిపోయిన మూడో అంతస్తు తలుపు దగ్గర నిలబెట్టి, దాని ఫోన్‌కు నా ఫోన్ కలిపి ఉంచి పైకి పోయాను. కరెంటు తీసేసి చక్రం పట్టుకున్నాను. ఫోన్‌లో ముసలామె ఏడుపు వినపడుతోంది. "సచ్చిపోతున్న, ఊపిరాడ్తలేదు..."

ఆ ఏడుపు నాది. ఆ రోజు సిగ్గుపడి బయటికి రానివ్వలేదు, అంతే.

"అమ్మమ్మా, నీ పేరేంది?" సంధ్య గొంతు నిమ్మళంగా ఉంది.

"అండాలమ్మ..."

"నేను ఈడనే ఉన్న అండాలమ్మమ్మా, ఎటూ పోను. సందుల కెల్లి గాలి ఒస్తనే ఉంటది. బుగులైతది గని ఏం కాదు. మెల్లగ గాలి పీల్చి, ఇంకా మెల్లగ ఇడువు. నేనూ ఇడుస్తున్న. ఇయ్యాల ఏం కూర వండినవ్?"

ఏడుపు ఆగింది. "బీరకాయ."

"పాలు పోసినవా, టమాట ఏసినవా?"

ఆమె చెబుతోంది, నేను తిప్పుతున్నాను. నా ఊపిరి కూడా సంధ్య చెప్పినట్టే నడుస్తోంది. ఆ రోజు నా తలుపు అవతల ఇలాంటి గొంతు ఒక్కటి ఉండి ఉంటే! అక్కడే, గ్రీజు చేతులతో, వెక్కి వెక్కి ఏడ్చాను.

"జర కిందికి నాయినా... ఆఁ, ఒచ్చింది."

కిందికి పరుగెత్తి తాళంచెవితో తలుపు తెరిచాను. అండాలమ్మ నన్ను చూడనే లేదు, పిల్లను కావలించుకుంది. వాచ్‌మన్ ఆమె చెయ్యి పట్టుకుని మెట్ల మీద ఇంటికి తీసుకుపోయాడు.

చెడింది చిన్న రిలేనే. మార్చి కరెంటు ఇచ్చేసరికి నాలుగుంబావు. ఇక లిఫ్ట్ ఎక్కి చూడాలి. వాచ్‌మన్ లేడు. అతని కోసం ఆగితే అయిదు దాటుతుంది.

"నేనెక్కి చూస్త నాయినా" అంది సంధ్య.

"మెకానిక్ నువ్వా నేనా?" అని లోపలికి అడుగుపెట్టాను. తనూ వచ్చింది. తలుపు మూసుకుంది.

ఛాతీ పట్టేసింది. చెమటలు కారాయి. గ్యాస్ కాదు. బుగులు.

"ఇయ్యాల ఏం కూర తిన్నవ్ నాయినా?"

"చిక్కుడుకాయ."

"ఉప్పెట్లుంది?"

"తక్కువైంది. మీ అమ్మకు చెప్పకు."

తలుపు తెరుచుకుంది. ఏడాది తర్వాత లిఫ్ట్‌లో కిందికి దిగాను! "సోమవారం నన్ను గా బుగులు డాక్టర్ కాడికి తీస్కపో" అన్నాను. సంధ్య తల ఊపి ముఖం తిప్పుకుంది. అదీ ఏడుస్తోంది.

దాని సర్టిఫికెట్లన్నీ స్కానింగ్‌కని దిల్‌సుఖ్‌నగర్ నెట్ సెంటర్‌లో ఇచ్చి ఉంది. ఆ ట్రాఫిక్‌లో బండి ఎట్లా నడిపానో నాకే తెలియదు. చేరేసరికి అయిదుకు పన్నెండు నిమిషాలు తక్కువ. నెట్ సెంటర్ నడిపే అభిలాష్, సంధ్య పేరు కొట్టి, ఏం కోర్సు అన్నాడు. పిల్ల నోరు తెరిచేలోపే నేను చెప్పాను.

"సైకాలజీ."

"సైకోనా అంకుల్?" అని నవ్వాడు.

"సైకో కాదు. లిఫ్ట్‌ల గ్యాస్ ఎందుకొస్తదో కనిపెట్టే సదువు. కొట్టు."

ఫోన్ టింగుమంది. ఓటీపీ ఎవరికీ చెప్పొద్దంటారు. నేను ఆరంకెలూ షాపంతా వినపడేలా చదివాను.